ప్రతిపాదిత శిశువులు

సారవకొండ జిల్లాలో పసికందులు ఎందుకు చనిపోతున్నారో కనుక్కోవడానికి ఒక పరిశోధనా కేంద్రం ఉంది. దానికి సొంత భవనం ఉంది, సొంత జనరేటర్ ఉంది, డాక్టర్ భుజంగరావుగారనే డైరెక్టరు కూడా ఉన్నారు. కేంద్రం ప్రహరీగోడకు అవతలివైపు జిల్లా ఆసుపత్రి. అక్కడ పసికందులున్నారు గాని జనరేటర్ లేదు. కరెంటు పోయినప్పుడల్లా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు చల్లబడిపోతాయి. ఈ సంగతిని భుజంగరావుగారు గోడకు ఇవతల నుంచే కనిపెట్టి, మూడు పరిశోధనా పత్రాల్లో ముఖ్య కారణంగా పేర్కొన్నారు.

ఆయన చెడ్డమనిషి కారు. దశాంశ బిందువు తర్వాత రెండో అంకె తప్పుపడితే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు చూసే డాక్టర్ కుముదిని ఒకసారి ఆయన దగ్గరకు వెళ్లి, గోడ మీదుగా ఒక కరెంటు తీగ ఇప్పించమని అడిగింది.

"ఇవ్వకూడదమ్మా," అన్నారాయన బాధగా. "మేము పరిశీలకులం. తీగ ఇస్తే ఫలితాలు మారిపోతాయి."

ఆ ఏడాది పసికందుల మరణాల్లో సారవకొండ రాష్ట్రంలోకెల్లా మొదటి స్థానంలో నిలిచింది. ఏ విషయంలోనైనా మొదటి స్థానం రావడం జిల్లాకు అదే మొదలు. త్వరలో రాజధానిలో పెద్ద వైద్య సదస్సు జరగబోతోంది. అప్పటికల్లా ఆ అంకె దిగిరావాలని పైనుంచి కలెక్టరుగారికి ఫోనొచ్చింది.

కలెక్టరుగారు సమావేశం పెట్టారు. మొదట ఒక్క మరణాన్ని తీసుకుని, అది ఎవరిదో తేల్చాలనుకున్నారు. కొండల మీది ఊరి నుంచి ఆసుపత్రికి తెస్తుండగా అంబులెన్సులో చనిపోయిన బిడ్డ అది.

ఆ బిడ్డ తమ గేటులోకి రానే లేదని, కాబట్టి ఆ మరణం తమది కాదని ఆసుపత్రి సూపరింటెండెంటు మనవి చేశారు. బండి ఆగిపోయింది గోతిలో గనుక ఆ మరణం రోడ్లవాళ్లదని అంబులెన్సు మేనేజరు చెప్పాడు. గొయ్యి ఉన్నది కాలవగట్టు మీద, అది నీటిపారుదల వారి పరిధి అని రోడ్ల ఇంజనీరు మ్యాపు పరిచి చూపించాడు. నీటిపారుదల ఇంజనీరు మ్యాపు తిప్పి చూసి, తల్లి పుట్టిల్లు పక్క జిల్లాలో ఉందన్నాడు. అందరికీ ఊరట కలిగింది. మరణాన్ని తగిన గౌరవంతో పక్క జిల్లాకు బదిలీ చేశారు. వాళ్లు దాన్ని అంతే గౌరవంతో తిప్పి పంపారు.

అప్పుడు భుజంగరావుగారు లేచారు.

"అయ్యా, ఇన్నాళ్లూ మనం చావుల లెక్క సరిచూసుకుంటూ కూర్చున్నాం. చావుల లెక్కలో తప్పేమీ లేదు. తప్పంతా పుట్టుకల లెక్కలో ఉంది. బిడ్డ బయటికి రావడం ఆలస్యం, పుట్టిందని రాసేస్తున్నాం. ఇది తొందరపాటు."

"మరి ఎప్పుడు రాయాలంటారు?" అన్నారు కలెక్టరుగారు.

"స్థిరపడ్డాక. పుట్టిన ఇరవై ఎనిమిది రోజుల్లోపు చనిపోతేనే కదా మనం పసికందు మరణం అంటాం? ఆ ఇరవై ఎనిమిది రోజులూ గడిచాకే పుట్టుకను ఆమోదిద్దాం. మన ఆఫీసులో అటెండరుకి కూడా రెండేళ్లు ప్రొబేషన్ ఉంటుంది. ఒక పౌరుణ్ని మాత్రం కేరుమనగానే పర్మనెంటు చేసేస్తున్నాం."

సమావేశంలో ఉన్న వాళ్లంతా ప్రొబేషన్ చేసినవాళ్లే. ఆ మాటలోని న్యాయం అందరికీ తగిలింది.

వెనక వరుసలోంచి కుముదిని లేచి నిలబడింది. "ఈలోగా చనిపోతే సార్?"

"ఎవరు?"

"బిడ్డ."

"ఏ బిడ్డ డాక్టరుగారూ? పుట్టనివాళ్లు చనిపోవడం సాధ్యంకాదు."

"ఏడుస్తుంది సార్. పాలు తాగుతుంది. వేలు పట్టుకుంటుంది."

"ఆ లక్షణాలన్నీ ప్రతిపాదనలో రాయండి," అన్నారాయన మెచ్చుకోలుగా.

ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట కాన్పు అయిన బిడ్డను 'ప్రతిపాదిత శిశువు' అనాలి. గడువు పూర్తయ్యాక పుట్టుక స్థిరీకరించబడుతుంది. గడువులోగా ఏదైనా అనివార్య పరిణామం సంభవించినచో, సదరు ప్రతిపాదన ఉపసంహరించబడినట్లు భావించవలెను. అంతవరకు ప్రతిపాదిత శిశువు, సమస్త పరిపాలనా ప్రయోజనాల నిమిత్తం, తల్లి శరీరంలో అంతర్భాగంగా పరిగణించబడును.

ఉత్తర్వు వచ్చిన వారంలోనే దమయంతి ఆసుపత్రిలో చేరింది. సముద్రపొడ్డున ఉన్న ఊరు. మొగుడు చేపల వేటకు గుజరాత్ వెళ్లాడు. తోడుగా వచ్చింది తల్లి ఎర్రమ్మ, ఎండుచేపలమ్ముకునే మనిషి. దమయంతికి నెలలు నిండకుండానే కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే. ఒక్కొక్కతి అరచేతిలో ఇమిడేటంత ఉంది. కుముదిని ఇద్దరినీ వార్మర్ల కింద పడుకోబెట్టింది. గుజరాత్ నుంచి తండ్రి వీడియో కాల్లో చూసి, ఎవరు ఎవరో తెలియక ఇద్దరికీ చెయ్యూపాడు. పేర్లు కూడా అప్పుడే చెప్పేశాడు, పడవలో అందరూ కలిసి ఆలోచించారట.

మూడోనాటి మధ్యాహ్నం కరెంటు పోయింది.

గోడ అవతల జనరేటర్ మోత మొదలైంది. గోడ ఇవతల కుముదిని, సిస్టర్ ఎస్తేరు పరుగులు పెట్టారు. ఒక బిడ్డను దమయంతి గుండెల మీద పెట్టి చీర కప్పారు. రెండోదాన్ని ఎర్రమ్మ రవికె విప్పి తన ఒంటికి అదుముకుంది. వార్డులో మిగతా తల్లులూ అలాగే కూర్చున్నారు. కరెంటు వచ్చేసరికి దమయంతి దగ్గరున్న బిడ్డ మూలుగుతోంది. ఎర్రమ్మ దగ్గరున్నది కదలడం మానేసింది. ఎర్రమ్మకు ఆ సంగతి ముందే తెలుసు. అయినా ఒంటికి అదుముకునే ఉంది.

సాయంత్రం ఆఫీసు గుమస్తా వచ్చాడు, కొత్త ఉత్తర్వు ప్రకారం సంతకం కావాలని.

"ప్రతిపాదన ఉపసంహరణమ్మా. ఇక్కడ సంతకం పెట్టాలి."

"ఏటది బాబూ?" అంది ఎర్రమ్మ.

"అంటే... బిడ్డ పుట్టాలన్న ప్రతిపాదన వెనక్కి తీసుకున్నట్టు."

"ఎవలు తీసుకున్నారు ఎనక్కి? నా మనవరాలు అర్జీ ఎట్టి మళ్లీ ఎనక్కి తీసేసుకుందా? ఏటలాగంటారు బాబూ, మూడ్రోజులు ఊపిరి తీసుకుంది పసిగుంట. నా సేతుల్లో పోయింది. పుట్టనేదంటారేటి?"

గుమస్తా తల వంచుకున్నాడు. అతనికీ ఇంట్లో నెలల పిల్లాడున్నాడు, ఉత్తర్వుకు ముందే పుట్టాడు గనుక పూర్తిగా పుట్టాడు. కుముదిని ఆ కాగితం తీసుకుని, "నేను చూస్తాలే, మీరు వెళ్లండి," అంది.

పట్టణంలోని శ్మశానానికి తీసుకెళితే కాపరి మరణ ధ్రువపత్రం అడిగాడు. పుట్టని మనిషికి మరణ ధ్రువపత్రం రాదు. ఎర్రమ్మ బిడ్డను తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కింది. ఊళ్లో సముద్రపొడ్డున, అలలు రాని చోటు చూసి, ఆమే గొయ్యి తవ్వింది. మర్నాడు మళ్లీ ఆసుపత్రికి వచ్చేసింది, కూతురికి కారం లేని పులుసు వండి పట్టుకుని.

జిల్లాలో పసికందుల మరణాలు సున్నాకి దిగాయి. ఆసుపత్రి గేటు మీద 'శూన్య మరణాల జిల్లాకు స్వాగతం' అని పెద్ద బ్యానరు కట్టారు. ఆ నెల పుట్టుకలు కూడా సున్నాయే గనుక కుటుంబ నియంత్రణ విభాగానికి ప్రశంసాపత్రం వచ్చింది. ఒళ్లో బిడ్డను పెట్టుకుని పాలిస్తున్న తల్లుల దగ్గరికి ఆశా కార్యకర్తలు వచ్చి, పదకొండో నెల గర్భిణులుగా వాళ్లకు ఐరన్ మాత్రలిచ్చి, బరువు పనులు చేయవద్దని జాగ్రత్తలు చెప్పి వెళ్లారు.

ఒకరోజు పరికరాల విభాగం అధికారి లారీ తీసుకుని వచ్చాడు.

"మీ వార్డులో వార్మర్లు ఖాళీగా ఉన్నాయని నివేదిక. పసికందులే లేని జిల్లాలో పసికందుల పరికరాలు ఉంచడం నిధుల దుర్వినియోగం. పసికందులున్న జిల్లాలకు పంపాలి."

"ఖాళీగా ఎక్కడున్నాయి?" అంది కుముదిని. "చూడండి, అన్నిట్లోనూ ఉన్నారు."

"ఎవరు?"

నోటిదాకా వచ్చిన మాటను కుముదిని మింగేసింది. పిల్లలంటే లారీలో వార్మర్లు ఎక్కుతాయి. ఆమె ఆ ఉత్తర్వును అంతకుముందు చాలాసార్లు చదివింది, తిట్టుకోవడానికి. ఇప్పుడు మొదటిసారి అది ఉపయోగపడింది.

"దమయంతి," అంది.

అధికారి వార్మరు కింద ఉన్న దమయంతిని చూశాడు. దమయంతి ఆవలించింది.

"మరి ఆ స్టూలు మీద కూర్చున్నావిడ?"

"ఆవిడా దమయంతే. ఇది అంతర్భాగం, అది మిగతా భాగం. ఉత్తర్వులో ఉంది చదవండి. ఈ అంతర్భాగం చల్లబడిపోతోంది, అందుకని వెచ్చగా ఉంచాం. పెద్దవాళ్ల వైద్యం సార్ ఇది. పసికందులకు సంబంధం లేదు."

అధికారి అద్దాలు పెట్టుకుని ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. అతను నిజాయితీపరుడు. పెద్దవాళ్లు వాడుతున్న పరికరాలు జనరల్ వార్డు కిందికి వస్తాయని, వాటిని ముట్టుకునే అధికారం తనకు లేదని ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వార్మరు దగ్గర ఆగి, "త్వరగా కోలుకోమ్మా," అన్నాడు ఎటు చూడాలో తెలియక ఇద్దరికీ మధ్యన చూస్తూ.

ఖాళీ లారీ వెళ్లిపోయాక ఎస్తేరు నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. కుముదిని మాత్రం నవ్వలేదు. ఆమె బల్ల దగ్గర కూర్చుని, వార్డులో ఉన్న ప్రతి బిడ్డ వైద్యాన్నీ తల్లి పేరున రాయడం మొదలుపెట్టింది. బరువు, ఊపిరి, జ్వరం అన్నీ తల్లివే. ఎవరైనా చనిపోతే అది కూడా. గుమస్తా ఇచ్చిన ఉపసంహరణ కాగితం సొరుగులో అలాగే ఉంది. దాని మీద ఎవ్వరూ సంతకం పెట్టలేదు. దాన్ని చింపేసి, దమయంతి పేరు కింద రాసింది: అంతర్భాగాలు రెండు. ఒకటి వార్మర్‌లో ఉంది. ఒకటి మరణించింది.

"ఇలా రాయొచ్చా డాక్టరమ్మా?" అంది ఎస్తేరు.

"వాళ్ల ఉత్తర్వులో ఉన్నట్టే రాశాను. ఎక్కడో ఒకచోట లెక్కలో ఉండాలి కదా సిస్టర్, ఆ పిల్ల."

ఈ వివరాలన్నీ నెలాఖరున గోడ దాటి పరిశోధనా కేంద్రానికి చేరాయి. భుజంగరావుగారు వాటిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జిల్లాలో కాన్పయిన స్త్రీల సగటు బరువు రెండు కిలోలకు పడిపోయింది! పైగా వాళ్లెవరికీ పళ్లు లేవు. చాలామందికి జుట్టు కూడా సరిగ్గా లేదు. మెడ నిలపలేకపోతున్నారు. రోజులో ఎక్కువభాగం నిద్రపోతున్నారు. ప్రపంచ వైద్య చరిత్రలో ఇలాంటిది ఎవరూ చూడలేదు. ఆయన ఆ రాత్రికి రాత్రే సదస్సుకు పంపవలసిన పత్రం పేరు మార్చేశారు: 'సారవకొండ బాలింతలలో తీవ్ర సంకోచం: ఒక కొత్త వ్యాధి.'

పరిశీలించడానికి ఇద్దరు సహాయకుల్ని వార్డుకు పంపారు. వాళ్లు వెళ్లి చూసి వచ్చి, వాళ్లు పిల్లలండీ అని చెప్పారు. పిల్లలున్నట్టు ఆధారం ఏమిటని ఆయన అడిగారు. వాళ్ల దగ్గర ఆధారం లేదు, చూసి రావడం తప్ప.

పిడుగు మాత్రం పైనుంచి పడింది. పసికందుల మరణాలు సున్నా అయితే అయ్యాయి గాని, తల్లుల మరణాలు ఆకాశాన్నంటాయి. మొన్నటిదాకా ఏడాదికి వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మంది చనిపోయేవాళ్లు, ఇప్పుడు ఒక్క నెలలోనే అంతకు నాలుగింతలు. ఈ విషయంలోనూ సారవకొండకే మొదటి స్థానం. కలెక్టరుగారికి వచ్చిన ఫోను ఈసారి చాలాసేపు నడిచింది.

మళ్లీ సమావేశం పెట్టారు.

"ఇది చిన్న సర్దుబాటుతో పోతుందండీ," అన్నారు భుజంగరావుగారు. "స్త్రీ కాన్పు కాగానే తల్లి అని రాసేస్తున్నాం. అదీ తొందరపాటే. ప్రతిపాదిత తల్లి అని రాస్తే..."

"కూర్చోండి," అన్నారు కలెక్టరుగారు.

తర్వాత ఆయన కుముదిని వైపు తిరిగారు. "ఆ చనిపోయిన తల్లులంతా ఎవరు డాక్టరుగారూ?"

"వాళ్లెవరూ చనిపోలేదు సార్. ఇళ్ల దగ్గర ఉన్నారు. మీరు కావాలంటే పిలిపించండి, వస్తారు. రానివాళ్లు పిల్లలు."

రోడ్ల ఇంజనీరు మ్యాపు మడిచి పెట్టేశాడు.

"ఎంతమంది?"

కుముదిని పేర్లు చదవలేదు, ఎందుకంటే వాళ్లలో చాలామందికి పేర్లు లేవు. తల్లుల పేర్లు చదివింది. చాలాసేపు పట్టింది. కలెక్టరుగారు మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "ఏం చేస్తే తగ్గుతాయి?" అని అడిగారు.

"ఒక తీగ సార్. గోడ మీదుగా."

భుజంగరావుగారు లేచి, తీగ వేస్తే ఇరవై ఏళ్ల పరిశోధనకు ఆటంకం కలుగుతుందని అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాన్ని సవివరంగా నమోదు చేసుకున్నారు. తీగ మర్నాడు వేశారు.

ఉత్తర్వును కూడా ఉపసంహరించారు. అప్పుడు మరో చిక్కు వచ్చింది. ఇన్నాళ్లూ ప్రతిపాదనలో ఉన్న పిల్లలందరినీ, గడువు దాటినా స్థిరీకరణ ఫైలు కదలనివాళ్లతో సహా, ఏ తేదీన పుట్టించాలి? కంప్యూటరు వెనకటి తేదీలు తీసుకోవడం లేదు. చివరికి ఉత్తర్వు రద్దయిన గురువారంనాడే అందరూ పుట్టినట్టు నిర్ణయించారు. ఆ గురువారం సారవకొండలో వందల మంది పుట్టారు. పుట్టిన రోజే వాళ్లలో కొంతమంది నాలుగేసి కిలోలు తూగి, మనుషుల్ని గుర్తుపట్టి నవ్వారు. చనిపోయిన పిల్లలు కూడా ఆ గురువారమే పుట్టి, ఆ గురువారమే చనిపోయారు.

ఒకే రోజున అన్ని జననాలు, అన్ని మరణాలు చూసి రాజధాని నివ్వెరపోయింది. ఆనాడు సారవకొండలో ఏ మహావిపత్తు సంభవించిందో తేల్చడానికి భారీ నిధులతో ఒక అధ్యయనాన్ని మంజూరు చేశారు. దానికి భుజంగరావుగారిని అధ్యక్షుడిగా వేశారు. ఆయన ఆ గురువారం నాటి వాతావరణం, భూకంప నివేదికలు, గ్రహస్థితి తెప్పించుకుని చూస్తున్నారు. ఆ రోజు జిల్లాలో విశేషమేమీ జరగలేదని ప్రాథమికంగా తేలింది. దాంతో విషయం మరింత జటిలమైందని, గడువు పొడిగించాలని ఆయన రాశారు. పొడిగించారు.

మునిసిపల్ ఆఫీసులో ధ్రువపత్రాలిస్తున్నారని తెలిసి దమయంతి, ఎర్రమ్మ వచ్చారు. దమయంతి భుజం మీద కవలల్లో పెద్దపిల్ల నిద్రపోతోంది. బుగ్గలొచ్చాయి. క్యూ వీధి దాకా ఉంది, అందరి చేతుల్లోనూ ఆ గురువారం పుట్టిన పిల్లలే. ఒకరి పిల్ల వయసు ఒకరు అడిగి నవ్వుకుంటున్నారు.

కిటికీ వెనక మునిసిపల్ గుమస్తా ఆసుపత్రి నుంచి వచ్చిన వివరాలు చూశాడు. "రెండు జననాలు, ఒక మరణం. ముగ్గురిదీ... మూడింటిదీ ఒకటే తేదీ. పెద్దపాప పేరు?"

"సాహితి," అంది దమయంతి.

గుమస్తా రాశాడు. రెండో కాగితం మీద పేరు ఉండాల్సిన చోట గీత పెట్టబోయాడు.

"ఆగండి," అంది దమయంతి. "దానికీ పేరుంది."

"పోయిన పాపకి పేరెందుకమ్మా? అవసరం లేదు. అందరూ ఖాళీగానే వదిలేస్తున్నారు. వెనక చాలామంది ఉన్నారు."

ఎర్రమ్మ కూతుర్ని పక్కకు జరిపి కిటికీకి ముఖం ఆనించింది.

"బాబూ, తేదీ తప్పేసినారు, మావేటనేదు. గురారం పుట్టిందన్నారు, అలాగే అన్నాం. గురారమే పోయిందన్నారు, దానికీ సరేనన్నాం. ఎవల్లెక్కలు ఆలకి ఉంటాయి. పేరు మాత్రం దాని తండ్రి పెట్టినాడు, గుజరాత్‌లో పడవ మీదుండి పెట్టినాడు. అది రాయండి."

గుమస్తా పెన్ను ఆపాడు. "ఏం పేరమ్మా?"

"సాగరిక," అంది దమయంతి. ఆ పేరు ఆమె ఇంట్లో కూడా ఎప్పుడూ గట్టిగా అనలేదు. నిద్రలో ఉన్న పిల్ల ఆ చప్పుడుకి కదిలి మళ్లీ సర్దుకుంది.

గుమస్తా రాసి, స్టాంపు వేసి, కాగితాలు కిటికీలోంచి బయటికి తోశాడు. ఎర్రమ్మకు చదువు రాదు. ఆమె వాటిని తిరిగి లోపలికి తోసింది.

"ఒకపాలి సదివీండి బాబూ. పైకి సదవండి."

గుమస్తా క్యూ వైపు చూశాడు. ఎవరూ తొందరపెట్టడం లేదు. అతను గొంతు సవరించుకుని మొదటి పేరు చదివాడు, తర్వాత రెండోది చదివాడు.